మన మొక్కలెలా ఉన్నాయండీ

మా రెండో తమ్ముడు పోయాడు. యూనివర్సిటీ పీజీ సెంటర్ గేటు దగ్గర, డ్యూటీలో ఉండగానే కుర్చీలో ఒరిగిపోయాడట. మరదలు ఫోన్ చేసేసరికి నేను పూజలో ఉన్నాను. పువ్వులు చేతిలోనే ఉండిపోయాయి.

పలకరించడానికి వచ్చినవాళ్ళంతా నెమ్మదైన మనిషి అన్నారు. ఒకప్పుడు వాడు నెమ్మదైనవాడు కాదు.

మొదట వృక్షశాస్త్ర విభాగంలో అటెండరు. అట్టలకు అంటించిన ఎండు మొక్కలు అక్కడ బీరువాల నిండా ఉండేవి. మన కోనసీమ తేమకు వాటికి బూజు పట్టక మానదు. ముసురు విడిచి ఎండ కనబడితే చాలు, డాబా మీద చాపలు పరిచి ఆరబెట్టేవాడు. మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటూ మబ్బు చూశాడంటే కంచం ముందునుంచి లేచి పరుగే.

"నన్ను కాదు వదినగారూ, ఆ ఎండుటాకుల్నే చేసుకోవాల్సింది మీ తమ్ముడు," అనేది మరదలు.

అదేం పిచ్చిరా అని నేనడిగితే నవ్వేవాడు. "పొద్దున్నే మా హెడ్ మేడంగారు అడుగుతారక్కా, మన మొక్కలెలా ఉన్నాయండీ అని. నన్నే అడుగుతారు."

నవ్వుతూ పనికి వెళ్ళే మనిషిని నేను వాడిలోనే చూశాను. ఆ రోజులిచ్చినందుకు స్వామికి దణ్ణం.

ఆవిడ రిటైరయ్యారు. తరువాత వచ్చిన సార్ చెడ్డవారేమీ కాదు. అడిగేవారు కాదు, అంతే. ఒకనాడు డాబా మీద చాపలు చూసి, ఇది నీకెవరు చెప్పిన పని అన్నారట. కొన్నాళ్ళకు వాణ్ణి గేటుకు మార్చేశారు.

ఆ వానాకాలం ఒకరోజు నేను కేరేజీ పట్టుకెళ్ళాను. జల్లు కొడుతోంది. ఎదురుగా వాడి పాత గది కిటికీ తెరిచే ఉంది. వాడు అటే చూస్తూ కూర్చున్నాడు.

"మూసి రారా, మొక్కలు తడిసిపోతాయి," అన్నాను.

"నాకు చెప్పలేదు కదక్కా."

కోపం లేదు ఆ మాటలో. ఏమీ లేదు. నేనే వెళ్ళి కిటికీ మూసి వచ్చాను. వాడు కేరేజీ మూత తీయనే లేదు.

పోయే ముందు నెలలో వాణ్ణి అప్పనపల్లి గుడికి తీసుకెళ్ళాను. వీడికి మళ్ళీ పని మీద మనసు పుట్టించమని మొక్కుకున్నాను. మగవాళ్ళ వరసలో వాడు, పక్క వరసలో నేను. ఆలయం మనిషి ఆగమంటే ఆగాడు. కాసేపటికి వరస కదిలింది. వెనకవాళ్ళు విసుక్కుని వాణ్ణి దాటి వెళ్ళిపోయారు. ఆ మనిషే తిరిగొచ్చి, నడవండి బాబూ అనేదాకా వాడు అడుగు వేయలేదు.

ఇప్పుడు దణ్ణం పెట్టుకోవడానికి కళ్ళు మూస్తే అదే కనిపిస్తుంది. ముందు దారంతా ఖాళీ. వాడు నిలబడే ఉన్నాడు.