గీతకి ఇవతల సూరిబాబు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడు, పసిఫిక్ ట్యూనా దేశాల సమావేశానికి వెళ్ళే న్యూజిలాండ్ బృందంలో నన్ను సాంకేతిక సలహాదారుగా వేశారు. పదో తరగతి గడప తొక్కనివాడికి ఆ హోదా కాస్త బరువే. అప్పటికి నేను టౌరంగా రేవులో చేపల బోట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ని. బృందంలో నా కింద కుర్చీ ఒక్కటే ఉండేది.

ట్యూనా బోట్లు మైళ్ళ పొడవు తాడుకి వేల గాలాలు కట్టి వదులుతాయి. పగలు వదిలితే ఆల్బట్రాస్ పక్షులు ఎర కోసం దూకి, గాలం మింగి మునిగిపోతాయి. అందుకని న్యూజిలాండ్ ఎవర్నీ అడక్కుండా, తన సముద్రంలో చీకటి పడ్డాకే గాలం వెయ్యాలని రూలు పెట్టేసింది. మన సముద్రపు సరిహద్దు గీత దాటితే అంతర్జాతీయ జలాలు. అక్కడ విదేశీ బోట్లకి పగలూ పండగే. గీత ఎక్కడుందో పక్షికి తెలియదు, చేపకీ తెలియదు. తెలిసింది సూరిబాబుకే.

సూరిబాబు మా ఉప్పాడ వాడు. టౌరంగాలో తనకున్న ఒక్క బోటుకీ తనే ఓనరు, తనే సరంగు. గీత అవతలి బోట్లు పగలూ రాత్రీ పడుతుంటే, చీకటి రూలుతో ఇతని వేట సగానికి పడిపోయింది. పనివాళ్ళు కివీపండ్ల ప్యాక్‌హౌస్‌లకి పోతున్నారు. బయల్దేరే ముందు ఫోన్ చేశాడు.

"బావా, ఈ సీజన్లోగా ఆళ్ళకీ అదే రూలెట్టించు. లేదంటే బోటమ్మేత్తాను. కోటేసుకుని బిస్కట్లు తినేసి వచ్చీకు."

అక్కడ ఓటింగ్ ఉండదు. అభ్యంతరం ఉందా అని అధ్యక్షుడు అడిగినప్పుడు గది మొత్తం నోరు మూసుకుంటే తీర్మానం నెగ్గినట్టు. ఒక్క తల అడ్డంగా ఊగినా పోయినట్టే. ఆ తల రోజూ ఊగింది. దాని తాలూకు పెద్దమనిషి, ఆ విదేశీ బోట్ల దేశం తరఫువాడు, కాఫీ దగ్గర చల్లగా అడిగాడు: మీరెలాగూ పాటిస్తున్నారు, మేం ఒప్పుకోకపోతే మానేస్తారా అని. బేరమాడటానికి మా చేతిలో ఏమీ మిగల్లేదని అప్పుడర్థమైంది.

మా లాయరు సంధ్య హామిల్టన్‌కి చదువుకోడానికి వచ్చి సెటిలైన వరంగల్ అమ్మాయి. చీకటి రూలు పాటించని బోట్లకి మన రేవుల్లో డీజిల్ పొయ్యొద్దని ఆమెతో అన్నాను.

"మనం పొయ్యకుంటే పక్క దీవిల పోస్తరు అంకుల్. రేపు సూరిబాబు అంకుల్ చేపలు కొనేదెవరు? ఆ బోట్ల దేశపోళ్ళే గదా!"

"మరేం చేద్దామమ్మా?"

"ఇంకో డ్రాఫ్ట్ రాద్దాం."

అది ఎన్నో డ్రాఫ్టో లెక్కపెట్టే ఓపిక కంప్యూటర్‌కి కూడా పోయి ఉంటుంది.

చివరి రోజు గది నోరు మూసుకుంది. తీర్మానం నెగ్గింది, చప్పట్లు కొట్టారు. అమలు మాత్రం మూడో సీజన్ నుంచి. ఆ తల ఊగకుండా ఉండటానికి మేం ఇచ్చుకున్నది ఆ గడువే.

"సాధించాం బావా," అన్నాను ఫోన్లో.

"ఎప్పట్నించి?"

చెప్పాను.

"మంచిదే. పక్షులకి సెప్పు. సంతోషిత్తాయి."

ఆ ఏడు సీజన్లోనే బోటు అమ్మేశాడు. ఇప్పుడు ప్యాక్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. గీత అవతల కూడా ఇప్పుడు చీకట్లోనే గాలాలు వేస్తున్నారు.

ఒంటరిగా రూలు పెట్టడం తప్పని నేననను. మనం ముందు పాటించకపోతే ఆ గదిలో మన మాట వినేవాడే ఉండడు. కానీ ముందు నడిచిన దేశం మిగతా దేశాల కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ ఎదురుచూపులో వచ్చే నష్టాన్ని దేశం మొయ్యాలి, ఒక్క బోటు కాదు. ఆ ఏర్పాటు కూడా మొదటి రోజే రూలులో రాసి ఉండాలి. మా రూలులో ఆ పేరా లేదు.