తొట్టిలో ఫినాయిలు

ఆమెకు పేరు లేక కాదు, వీధిలో ఎవరికీ గుర్తు లేదు. పెరట్లో సిమెంటు తొట్టి కట్టి, పేడలో ఎర్రలను, అంటే వానపాములను, పెంచుతుంది కనుక ఎర్రలక్క అయిపోయింది.

పదేళ్ల కిందట, బస్తాల్లో వచ్చే రసాయనపు ఎరువు చల్లీ చల్లీ ఆ చుట్టుపక్కల నేల గచ్చులా బిగిసిపోయింది. గడ్డపార దిగేది కాదు. ఒక్కో ఇంటివాళ్లూ మూటాముల్లే సర్దుకుని పట్నం దారి పట్టారు. ఈమె మాత్రం ఎక్కడినుంచో గుప్పెడు ఎర్రలు తెచ్చింది. అందరూ ముసిముసిగా నవ్వారు. ఇప్పుడు ఆ తొట్టి ఎరువుతోనే ఏడిళ్ల కూరగాయ మళ్లు పండుతున్నాయి, వెళ్లినవాళ్లలో రెండిళ్లవాళ్లు తిరిగొచ్చారు కూడా. నవ్వినవాళ్లే పొద్దున్నే తొక్కల గిన్నెలతో వస్తారు. ఆ గిన్నెల్లో తొక్కలొక్కటే ఉంటే ఆమెకు ఇంత తలనొప్పి ఉండదు.

"ఇదేమిటే, దువ్వెనా?" అంది ఒకరోజు పక్కింటి పిల్ల తెచ్చిన గిన్నెలో వేలు పెట్టి.

"విరిగింది పెద్దమ్మా. మట్టిలో కలిసిపోతుందనుకున్నా."

"నేను కలిసిపోయినా నీ దువ్వెన కలవదు. తీసుకుపో."

ఆ వారం కూతురికి జ్వరమంటే రెండు రోజులు వాళ్ల ఊరు వెళ్లక తప్పలేదు. వంగ నారు నాటడానికి పది రోజులే ఉంది, తొట్టి నిండా ఎరువు సిద్ధంగా ఉంది. మరిదికి అప్పగించింది. ఆయన ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు. తడి ఆరనివ్వొద్దని మూడుసార్లు చెప్పింది, ఆయన మూడుసార్లూ తలూపాడు.

తిరిగొచ్చి గోనెపట్టా ఎత్తేసరికి వాసన గుప్పుమంది. పైనంతా ఎర్రలు చచ్చి తెల్లగా పడున్నాయి.

"ఏం పోశావు?"

"ఫినాయిలు నీళ్లు వదినా. చూస్తే లోపల ఒకటే పురుగులు. తడీ ఆరలేదు, శుభ్రమూ అయింది."

ఎర్రలక్క అరుగు మీద చతికిలబడింది. "పదేళ్ల నుంచీ ఈ పెరట్లోనే కాఫీ తాగుతున్నావు. ఆ తొట్టిలో నేను ఏం పెంచుతున్నాననుకున్నావయ్యా?"

"ఎరువు."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఎరువు నారుకు వేస్తే నారూ పోతుంది. కొత్తది తయారవాలంటే రెండు నెలలు. అసలు విత్తనానికైనా ఎర్రలు లేవు. ఏడిళ్లకూ ఏమని చెప్పాలి?

మరిది తల దించుకుని పలుగు భుజాన వేసుకుని మళ్లవైపు నడిచాడు. ఇంకేం తగలేస్తాడోనని ఆమె వెనకే పరుగెత్తింది. గడ్డి కప్పిన గట్టు దగ్గర ఆయన పలుగు దించాడు. అది సగందాకా దిగింది. పెళ్లగించిన నల్లమట్టిలో ఎర్రలు మెలికలు తిరుగుతున్నాయి. "ఇక్కడా ఇవే పురుగులు చూశాను వదినా," అన్నాడు. ఎరువుతో పాటు ఏటేటా పోయినవి, ఇక్కడే కాపురం పెట్టాయి.

ఆమె మట్టిని పిడికిట పట్టి నలిపింది. పొడిపొడిగా రాలింది. ఈ నేల ఒక్క పంటకు ఎరువు లేకపోయినా తట్టుకుంటుంది. నారు ఆపనక్కర్లేదు.

ఆ మాట పైకి అనలేదు, మరిదికి అప్పుడే ధైర్యం రావడం ఆమెకిష్టం లేదు. ఆయనేమో చొక్కా జేబులోంచి పట్టకారు తీసి, ఇంట్లోంచి తెచ్చి తడిగుడ్డ పరిచిన పళ్లెంలోకి ఒక్కో ఎర్రనూ అందుకుంటున్నాడు.

"చేత్తో తియ్యవయ్యా, కరవవు."

"నలుగుతాయేమో వదినా."

"ఇలా తీస్తే తొట్టి నిండేసరికి నీ మనవడు కాంపౌండరవుతాడు," అని ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి మట్టిలో కూర్చుంది.