ఆ ఫైలు మార్చింది నేనే

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు కూడా చెప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను మెట్టుగూడలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబులో అసిస్టెంటుని. ఇన్‌చార్జి ప్రకాశం గారు. గుంటూరు వైపు మనిషి, బన్సీలాల్‌పేట్‌లో ఉండేవారు. నాకు పని నేర్పేటప్పుడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఆయన ఒక్కరికే తెలియాలని కాలేజీ నియమం. అయినా ఒకరోజు భార్యను ఆసుపత్రికి తీసుకెళ్తూ నాకు చెప్పి వెళ్లారు.

"ప్రింటర్లు మొరాయిస్తేనే వాడమ్మా. మిగతావి నేనొచ్చాక చూద్దాం."

ఆ మధ్యాహ్నం ప్రింటర్లు బాగానే ఉన్నాయి. మర్నాడు ప్రాక్టికల్ పరీక్షలు. కొత్తగా వచ్చిన రెండు కంప్యూటర్లను సర్వర్ జాబితాలో చేర్చాల్సి ఉంది. ఆయన వచ్చేసరికి నేనే చేసి పెడితే మెచ్చుకుంటారనిపించింది. అంతేనా? ఆయన లేకపోయినా నాకు పని వచ్చని చూపించుకోవాలని కూడా ఉండిందేమో. సెట్టింగుల ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి రెండు లైన్లు కలిపాను. సేవ్ నొక్కితే, ఈ ఫైలు మార్చే అనుమతి మీకు లేదని వచ్చింది. దాని కిందే, అడ్మిన్ హక్కులతో సేవ్ చేయాలా అని ఒక బటన్. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. పాస్‌వర్డ్ కొట్టాను. సేవ్ అయింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణం చాలా బాగుంది.

ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోయాను. సర్వర్ మళ్లీ ఆన్ అయినప్పుడే ఆ ఫైలును చదువుతుంది కాబట్టి ఆ రోజు ఏమీ తెలియలేదు. మర్నాడు పొద్దున కరెంటు పోయి వచ్చింది. సర్వర్ లేవలేదు. విద్యార్థులు హాల్‌టికెట్లు పట్టుకుని వరండాలో నిలబడే ఉన్నారు. ప్రకాశం గారు చెమటలు కక్కుతూ వెతికి, తప్పు దొరకబట్టేసరికి మధ్యాహ్నమైంది. పరీక్ష వాయిదా పడింది. ముందురోజు అడ్మిన్ పేరు మీద ఫైలు మారినట్టు రికార్డులో ఉంది. ఇంటి నుంచి కూడా సర్వర్‌లోకి వెళ్లే వీలు ఆయనకుంది. ఇంకెవరిని అనుమానిస్తారు?

ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లేముందు ఆయన నా దగ్గరికి వచ్చారు.

"నిన్న నువ్వేమైనా ముట్టుకున్నావా అమ్మా? చెప్పు, పర్లేదు."

"లేదు సార్. నేనేం ముట్టలే. నాకేం తెల్వది."

నా ముఖంలోకి కాసేపు చూశారు. "సరేలేమ్మా" అని లోపలికి వెళ్లారు.

పాస్‌వర్డ్ నాకిచ్చిన సంగతి ఆయన లోపల చెప్పలేదు. ఇవ్వడం కూడా తప్పే కాబట్టి దాచారా, నేనే చేశానని అర్థమై నన్ను కాపాడారా, లేక నా మాట నిజంగా నమ్మి, తానే ఎప్పుడో ఏదో చేసి మరిచిపోయానని తన మీదే అనుమానపడ్డారా? ఈ చివరిది తలచుకుంటే తట్టుకోలేను. ఆయన్ని ల్యాబు నుంచి తీసేసి హాజరు పట్టీలు చూసే పనిలో వేశారు. ఏడాది తిరగకుండానే మానేశారు. ల్యాబు ఇన్‌చార్జి కుర్చీ నాకిచ్చారు. తీసుకున్నాను.

పోయిన నెల సర్వీస్ సర్టిఫికెట్ కోసం వచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నా ఎదురుగా కూర్చుని ల్యాబంతా ఒకసారి కలియజూసి, "బాగా పెట్టావమ్మా" అన్నారు. ఇప్పుడు చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్ అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"చాయ్‌ల చక్కెర సరిపోయిందా సార్?" అని అడిగాను.

ఆయన నంబరు నా దగ్గరుంది. ఇంకా ఫోన్ చేయలేదు. చేస్తానని మీకు మాట ఇవ్వలేను. క్షమించమని అడిగే అర్హత ఉందో లేదో కూడా తెలియదు. కానీ ఆ ఫైలు మార్చింది నేను. ప్రకాశం గారు కాదు. ఈ మాట ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.