వదిన కుట్టిన గోడ

పోయిన నెలలో ఒక ఉదయం మా వదిన కన్నుమూసింది. హజీరాలో కంపెనీ బస్సు ఎక్కుతున్న మా ఆయనకు టిఫిన్ డబ్బా అందించి ఇంట్లోకి వస్తుంటే ఫోను మోగింది. అవతల మా మేనకోడలు.

"అత్తా, మమ్మీ లేస్తలేదు. డాక్టర్ సాబ్ అచ్చి చూసి పోయిండు. నువ్వు జల్దీ రా" అంది. చావు మాట ఆ పిల్ల నోటి నుంచి రాలేదు. నేనూ అడగలేదు.

హజీరా నుంచి వదినవాళ్లుండే గోడాదరా అంటే సూరత్‌కు ఈ కొస నుంచి ఆ కొసకు. నిండిపోయిన బస్సులో నిలబడే వెళ్లాను. నేను ఎప్పుడు వెళ్లినా గడపలోనే వదిన అడిగే మొదటి మాట, "బస్సుల సీటు దొరికిందా పిల్లా?" దొరకలేదంటే మంచం మీద కూర్చోబెట్టి, కాళ్లు చాపుకోనిచ్చి, ఆ తర్వాతే కష్టసుఖాలు. ఈసారి ఆ మాట అడిగే మనిషి లేదన్న సంగతి దారి పొడవునా కాళ్లకు తెలుస్తూనే ఉంది.

వాళ్ల గల్లీ మలుపు తిరిగేసరికి చప్పుడు లేదు. వదినవాళ్ల ఇంటి వెనకే మరమగ్గాల షెడ్డు. ఇక్కడివాళ్లు దాన్ని ఖాతా అంటారు, మావాళ్లు మరమగ్గాలను సాంచెలు అంటారు. మా అన్న అందులోనే పని చేస్తాడు. పని రోజున ఆ సాంచెలు ఆగడం నేను ఎన్నడూ ఎరగను. శేటు మధ్యాహ్నం దాకా ఆపించాడట. గల్లీ ఆడవాళ్లు ఏడుస్తూ ఏడుస్తూ, తమ గొంతు తమకే అంత స్పష్టంగా వినబడేసరికి బెదిరినట్టుగా మధ్యలో ఆగిపోతున్నారు. అన్న మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "అచ్చినవా" అన్నాడు.

మా అమ్మ పోయేనాటికి నేను చిన్నపిల్లను. అన్నకు పెళ్లయి కొద్ది నెలలే. జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి వదిన సూరత్ కాపురానికి బయలుదేరితే, సారె పెట్టెతో పాటు నేనూ ఆమె వెంట రైలెక్కాను. కిటికీ పక్కన ముడుచుకుని కూర్చున్న నన్ను దగ్గరికి జరుపుకుని అంది: "నేను నీకు అమ్మను కాను పిల్లా, వదిననే. అమ్మ తిడితే ఊకోవాలె. వదినతోనైతే కొట్లాడొచ్చు."

ఆ వరాన్ని నేను బాగానే వాడుకున్నాను. జడ బిగించిందని, కూరలో కారం పోసిందని, నా పలకను పక్కింటి పిల్లకిచ్చిందని రోజూ తగువే. ఆమె కూడా తగ్గేది కాదు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, ఒక్క గది ఇల్లు, తెలియని ఊరు, ఒళ్లో ఒక ఆడపడుచు. ఇప్పుడు తలుచుకుంటే, నాతో కొట్లాడటానికి ఆమెకు ఓపిక ఎక్కడిదా అనిపిస్తుంది.

వదిన ఇంట్లోనే చీరల అంచులకు లేసు కుట్టేది. కత్తెర పక్కనే ఉన్నా దారాన్ని పంటితోనే తెంపేది. అలా తెంపి తెంపి ముందుపంటికి సన్నని గాడి పడింది. ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు నాలుక కొసతో ఆ గాడిని తడుముకునేది. గుజరాతీ అంతా కూరగాయల బండ్ల దగ్గరే నేర్చుకుంది కాబట్టి, ఆమె గుజరాతీలో దీవించినా బేరమాడినట్టే ఉండేది. నేను బడి నుంచి వచ్చి కథలు చెబుతుంటే ఒక్కటే మాట: "చూసింది చెప్పు. చూడంది అడుగు." ఆ మాట పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఇప్పటికీ నా నోట వస్తుంటుంది.

కొన్నేళ్ల కిందట, నాకు పెళ్లయి హజీరా వెళ్లిపోయాక, ఒక చిత్రకారిణి ఆ గల్లీకి వచ్చింది. గుజరాతీ ఆవిడ, అందరూ బెన్, అంటే అక్క, అని పిలిచేవారు. నగరం అంచుల్లో బతికేవాళ్లు తమ చుట్టూ ఉన్న నేలను ఎలా చూస్తారో వాళ్ల చేతులతోనే చేయించి ప్రదర్శన పెట్టాలని ఆమె, ఆమె మిత్రులు అనుకున్నారు. వరాఛాలో వజ్రాలు సానపట్టే ఇళ్లలో బొమ్మలు గీయించారట. ఇక్కడ ఆడవాళ్ల చేతుల్లో ఎప్పుడూ సూదీ దారం ఉంటాయి కనుక, తలా ఒక కోరా గుడ్డ పంచి, "మీకు కనబడే చోటును కుట్టండి" అని హిందీలో చెప్పింది.

గల్లీ అంతా సంబరంగా మొదలుపెట్టారు. ఒకరు నెమలి, ఒకరు ఊరి తాటిచెట్లు, ఒకరు రెండు కొండల నడుమ సూర్యుడు. ఎదురింటక్క హంసల జంట కుట్టింది, వాటి కింద తామరపూలు కూడా. వదిన గుడ్డ మాత్రం చాలా రోజులు మడత విప్పకుండానే ఉంది. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి బూడిదరంగు దారంతో ఏదో నింపుతోంది.

"ఏంది వదినా అది?"

"గోడ."

"గోడనా?"

"వంటింట్ల నిలబడితే నాకేం కనబడుతది? ఖాతా గోడనే. బెన్ కనబడేది కుట్టుమన్నది. నెమలి నాకేడ కనబడ్డది పిల్లా?"

ఇంటికీ ఖాతాకూ మధ్య ఒక మనిషి అడ్డంగా నడిచేంత సందే. వంటింటి కిటికీ తీస్తే ఆ గోడే. వదిన దాన్ని ఉన్నది ఉన్నట్టు కుట్టింది. గచ్చు రాలిన చోట ఇటుకలు, వానకు కారి మిగిలిన చార, పైపు వెంట పట్టిన నాచు, పైన ఇనుప జాలీ, దానికి అంటుకున్న తెల్లటి దారపు నుసి. ఆ నుసి కోసం నిజంగానే లేసు దారపు పీచును పీకి అతికించింది.

అన్నకు అది నచ్చలేదు. "లోకంల ఇంకేం దొరకలేదా నీకు? పొద్దంతా గా గోడల నడుమనే సస్తున్న. ఇంటికస్తే మల్ల గదేనా?" అన్నాడు. వదిన దారం కొరికి సూదిలో ఎక్కించుకుంది.

ప్రదర్శన తాపీ నదికి అవతల ఒక పెద్ద హాలులో పెట్టారు. గల్లీ ఆడవాళ్లంతా పెళ్లికి వెళ్లినట్టు పట్టుచీరలు కట్టుకుని వెళ్లారు. నేనూ వెళ్లాను. హంసల ముందు, నెమలి ముందు జనం చిరునవ్వుతో నడిచిపోయారు. వదిన గోడ ముందు మాత్రం చాలాసేపు ఆగారు. ఫోటోలు తీసుకున్నారు. ఒక పెద్దావిడ తల అడ్డంగా ఊపి, పక్కనున్న మనిషితో "బిచారా" అంది. పాపం, అని. ఆ మాట అర్థం కానివాళ్లు మా గుంపులో ఎవరూ లేరు.

తిరిగివచ్చేటప్పుడు ఆటోలోనే ఎదురింటక్క అందుకుంది. "అందరం మంచిగ కనబడాలని మేం మంచియి కుడితిమి. నువ్వు మన మురికి తీస్కపోయి గాళ్ల ముంగట పెట్టినవ్. ఇగ గాళ్ల లెక్కల మనమంత బిచారలమే."

"నేను మురికి కుట్టలేదక్కా" అంది వదిన.

"మరేం కుట్టినవే?"

వదిన బయటికి చూస్తూ కూర్చుంది. నాలుక పంటిగాడి మీదికి వెళ్లింది. ఆ తర్వాత చాలా రోజులు ఎదురింటక్క ఆమెతో మాట్లాడలేదు. కుళాయి దగ్గర బిందెలు ఒకరివొకరు తోసుకోకుండా, అంతకన్నా కష్టంగా, మర్యాదగా పక్కకు జరిపి పెట్టుకునేవారు.

గుడ్డలు తిరిగి ఇవ్వడానికి బెన్ వచ్చినప్పుడు వదిన ఆమెను నిలబెట్టేసింది. "గా హాల్ల చూసినోళ్లకు గోడొక్కటే కనబడ్డది బెన్. గీ గుడ్డలు మా గల్లీల కట్టుండ్రి. తిట్టేటోళ్లుంటే మొకం మీదనే తిడుతరు" అంది. సగం తెలుగు, సగం హిందీ, బేరం గుజరాతీ. నేను పూర్తిగా అర్థం చెప్పాక బెన్ తెచ్చిన గుడ్డల మూటను కింద పెట్టింది. "ఎక్కడ కట్టాలో ముందే మిమ్మల్ని అడగాల్సింది నేను" అంది.

ఖాతాకు ఛుట్టీ ఉన్న రోజున గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు తాళ్లు కట్టి గుడ్డలన్నీ వేలాడదీశారు. మగవాళ్లు ఇంటి దగ్గర ఉండే పగలు అదొక్కటే. లుంగీలు కట్టుకుని, టీ గ్లాసులు పట్టుకుని, తమ ఆడవాళ్లు కుట్టినవాటిని మొదటిసారి చూశారు. అన్న కూడా వచ్చాడు. గోడ ముందు టీ గ్లాసుతో నిలబడ్డాడు. వెళ్లిపోతాడనుకున్నాను. ముఖం దగ్గరికి పెట్టి చూశాడు.

"గీ జాలీ ఎనుక గీ నీలం చుక్కేంది?" అన్నాడు.

నేనూ అప్పుడే చూశాను. జాలీ గళ్ల వెనక, నుసికి అవతల, నీలం దారంతో రెండే రెండు కుట్లు.

"నీ అంగి" అంది వదిన.

అన్న ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు సాంచెల నడుమ తిరుగుతుంటే జాలీల నుంచి అంగి కనబడుతది. గోడ దిక్కు అచ్చినప్పుడు జరంత, మల్ల ఉండదు. దాన్ని చూసుకుంటనే వండుత. చానసేపు కనబడకపోతే పొయ్యి తగ్గించి చూస్త."

"లోపట్నుంచి నాకేం కనబడదు గదనే. ఎలుతురొక్కటే."

"నువ్వు చూడాలని చెప్పలే. నాకు కనబడేది కుట్టిన."

అన్న గ్లాసులో టీ చల్లారిపోయింది. ఎడమ చేత్తో తన చొక్కా కాలరు పట్టుకుని ఉన్నాడు, అది ఒంటిమీద ఉందా లేదా అన్నట్టు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు, తాకలేదు. మా ఇళ్లలో నలుగురిలో అలా తాకరు. కాని వాళ్ల పెళ్లి నేను మొదటిసారి చూసింది ఆ రోజే అనిపించింది.

ఎదురింటక్క వెనకనుంచి ఎప్పుడు వచ్చిందో, గుడ్డ మీదికి వంగి వెతుకుతోంది. "మరి మా ఆయనేడుండే గిండ్ల? ఆయనది గూడ గదే లైను గద!"

"ఆయన అంగి రంగు చెప్పు, కుడుత."

"అంగేడిది? బనీను మీదనే ఉంటడాయె."

"తెల్ల బనీన్ కుడితే నుసిల కలిసిపోతడు అక్కా!"

ఎదురింటక్క నవ్వాపుకోలేక వదిన భుజం మీద కొట్టింది. వాళ్లాయన అక్కడే ఉన్నాడు, గ్లాసుతో సహా ఇంట్లోకి పోయాడు. ఆ సాయంత్రమే ఒకావిడ ఎరుపు చొక్కా అంది, ఇంకొకావిడ గళ్ల చొక్కా అంది. ఎవరి దారం వాళ్లే తెచ్చుకుని, మెట్ల మీద కూర్చుని, వదిన గోడలోనే ఎవరి మనిషిని వాళ్లే కుట్టుకున్నారు. బనీను చుట్టూ ఎదురింటక్క పసుపు దారంతో గీత వేసింది. తర్వాత ఆ గుడ్డ ఇంకా రెండు మూడు ఊళ్లలో ప్రదర్శనలకు వెళ్లింది. అక్కడివాళ్లు ఏమనుకున్నారని వదిన ఎన్నడూ అడగలేదు.

నిరుడు ఆమెకు గుండె జబ్బు అన్నారు. మందులు వేసుకుంటూనే లేసు కుట్టింది. ఆ ఉదయం నిద్రలోనే పోయింది, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. కర్మ రోజున బెన్ వచ్చి ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చుంది. మా మేనకోడలు వంటింటి కిటికీ రెక్క వేయబోతే అన్న వద్దన్నాడు. ఇప్పుడు పొద్దున ఆయనే వండుకుని డబ్బా కట్టుకుపోతున్నాడు. కూతురు కాలేజీకి వెళ్లేముందు జాలీ వైపు ఒకసారి చూసి వెళుతుందట.

నేను ఇవాళ ఎక్కువగా తలుచుకునేది మాత్రం ఇంకో రోజును. గల్లీలో గుడ్డలు కట్టిన తర్వాతి చలికాలంలో, బెన్ అందరినీ ఒక టెంపోలో సముద్రం చూపించడానికి మా హజీరా వైపు తీసుకొచ్చింది. సూరత్‌లో అన్నేళ్లు బతికి కూడా వదిన సముద్రం చూడలేదు. తీరా వస్తే అక్కడ నీళ్లే లేవు. ఆటుకు సముద్రం వెనక్కి పోయింది. కనుచూపు మేర నల్లటి బురద, దూరంగా ఒక ఓడ.

"గిదేంది, గింత బురద! గిది చూడనీకా అచ్చింది?" అని ఎదురింటక్క గొణిగింది. మిగతావాళ్లు పులిహోర గిన్నెలు తెరిచారు.

వదిన చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని బురద అంచుకు నడిచింది. "నీళ్లు ఎటుపోయినయి?" అని బెన్‌ను అడిగింది. వస్తాయి, కాసేపు ఆగాలి, అంది బెన్. వదిన ఆగింది. మేం తిన్నాం, గిన్నెలు సర్దాం, పాటలు పాడాం. ఎండ వాలింది. టెంపో డ్రైవరు హారన్ కొట్టాడు. అందరూ ఎక్కి కూర్చున్నారు.

"వదినా, రా!" అని అరిచాను.

"మీరు కూసోండ్రి. అస్తున్నయట గద. చూసి అస్త."

ఇంకో హారన్. అప్పుడు దూరంగా ఒక సన్నని తెల్లటి గీత కదిలింది. ముందు నమ్మలేదు. నురగ మెల్లగా బురదను కప్పుకుంటూ, చిన్న చిన్న గుంటలు నింపుకుంటూ వచ్చింది. మేం ఒక్కొక్కరమే టెంపో దిగాం. మొదటి నీటిపొర వదిన కాలివేళ్లను తాకింది. ఆమె వెనక్కి జరగలేదు. మా వైపు తిరగనూ లేదు. కళ్లు నీళ్ల మీదే ఉంచి, ఒక చెయ్యి వెనక్కి చాపి, రండి రండి అని వేళ్లు ఆడిస్తోంది.