పక్కింటి కుళాయి

నా చిన్నప్పుడు మా ఏలూరులో, కాలవ నుంచి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చే పెద్ద పైపు ఒకసారి పగిలింది. బాగయ్యేదాకా రోజు విడిచి రోజు, అదీ అరగంటే నీళ్ళని రిక్షాలో మైకు పెట్టి చెప్పారు. మొక్కలకు పోయకూడదు, గేదెల్ని కడగకూడదు. జనం ఊరుకుంటారా? మునిసిపాలిటీ ఆఫీసు ముందు ఖాళీ బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. బావినీళ్ళు నోట పెట్టుకోలేనంత ఉప్పన మరి.

వారం తిరిగేసరికి ఆ కోపం కాస్తా ఇరుగుపొరుగు మీదికి మళ్ళింది. నీళ్ళు సన్నగా వచ్చేటప్పుడు ఎవరి కుళాయి పల్లంలో ఉంటే వాళ్ళకే దక్కుతాయి. అందుకని ఇళ్ళ ముందు గోతులు తీసి, కుళాయిని అందులోకి దించుకునేవారు. మా వీధిలో అందరికంటే లోతు గొయ్యి పక్కింటి అక్క వాళ్ళది. మా కుళాయి బుస్సుమని గాలి వదులుతుంటే, అక్క బిందె నిండుతున్న చప్పుడు వినిపించేది. నాకు కడుపు మండిపోయేది. ఆమె తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే చూడలేక తలుపు వేసేసేదాన్ని. మా ఇంట్లో తాగే నీళ్ళు ఎక్కడివో అడగాలని మాత్రం తోచలేదు.

తాతయ్యను పోరి పోరి గునపం పట్టించాను. వాళ్ళ గొయ్యి కంటే జానెడు లోతుగా తవ్వారు. నీళ్ళ రోజున మా కుళాయి ధార కట్టింది, అక్క వాళ్ళది చుక్క రాల్చలేదు. అబ్బ, నా సంబరం చెప్పలేను! వీధంతా చూడాలని బిందె చంకనెత్తుకుని తాపీగా లోపలికి నడిచాను.

నాయనమ్మ ఆ బిందె వంక చూసి, గొంతు తగ్గించి చెప్పింది. “ఇన్నాళ్ళూ నువ్వు తాగినవి వాళ్ళ నీళ్ళేనే. వీధివాళ్ళు చూస్తే గొడవని, నువ్వు లేవకముందే ఆ అక్కే పెరటిగోడ మీంచి అందిస్తోంది.” ఆ ఇంట్లో అక్క వదిన బాలింతని, పసిగుడ్డుకు స్నానానికైనా నీళ్ళు లేవని కూడా అంది.

బిందె పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. అక్క దులిపేస్తుందనే అనుకున్నాను. ఆమె నీళ్ళు చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది.

“మీకూ వచ్చాయా? హమ్మయ్య, నాయనమ్మగారికి ఇక ఇబ్బంది లేదు.”

ఆమె వెనక అరుగు మీద బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. మర్నాడు తాతయ్య మా గోతిలో మట్టి పోసి, కుళాయిని వాళ్ళ కుళాయితో సమంగా ఎత్తారు.

మొన్న మళ్ళీ ఊళ్ళో పైపు పగిలింది. ఎదురు అపార్టుమెంటుకి ట్యాంకరు ముందొస్తే, ఈ వయసులోనూ నాకు ఒళ్ళు మండింది. అక్కయితే హమ్మయ్య అనేది. ఆమె నీళ్ళ మీద కుళ్ళు ఆ రోజే పోయింది గానీ, ఆమె మనసు మీద కుళ్ళు మాత్రం నాకింకా పోలేదు.