చాప మీద ఆట

ఎల్‌బీనగర్‌లో మేం అద్దెకున్న ఇంటి ఓనరుగారు పై అంతస్తులో ఉండేవారు. రిటైరైన ఇంజనీరు, నల్లగొండ వైపు మనిషి. ఆదివారాలు గోల్ఫ్ ఆడటానికి వెళ్లేవారు. మిగతా రోజుల్లో హాల్లో పచ్చటి చాప పరిచి, దాని చివరనున్న గుంతలోకి బంతిని మెల్లగా కొడుతూ ఉండేవారు.

పక్షవాతంతో మాట పడిపోయిన భార్య మంచం కూడా ఆ హాల్లోనే. బంతి పడగానే ఆయన అటు తిరిగి, "పడ్డది, చూసినవా?" అనేవారు. ఆమె ఎడమ చెయ్యి కొంచెం పైకి లేచేది.

ఒకసారి ఆట చూడమని నన్నూ తీసుకెళ్లారు. అక్కడ దగ్గర్నుంచి కొట్టిన బంతులు కూడా గుంత పక్కనుంచి జారిపోయాయి.

"ఇంట్ల గంత ప్రాక్టీసు చేసి ఏం లాభమన్నా?" అని స్నేహితుడొకాయన నవ్వాడు. ఓనరుగారూ నవ్వేశారు.

తిరిగొస్తూ దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు నేనూ అదే అడిగాను.

"చాప సాఫుగ ఉంటది బిడ్డా, గడ్డి ఎత్తుపల్లాలు. ఇంట్ల ఎంత కొట్టినా నా ఆట బాగుపడది, నాకెరికే. కని ఆమెకు జర పొద్దుపోతది," అన్నారు.

ఆ వానాకాలంలో ఆమె పోయారు. ఆయన చాప చుట్టి అటక మీద పెట్టేశారు. చాన్నాళ్ల తర్వాత స్నేహితులు బలవంతం చేస్తే మళ్లీ ఆటకు వెళ్లారు. మధ్యాహ్నం తిరిగొచ్చి, పైకి వెళ్లకుండా మా గుమ్మం పక్కన మెట్ల మీదే కూర్చుండిపోయారు. మంచినీళ్లిచ్చి, ఆట ఎలా జరిగిందని అడిగాను.

"ఇయ్యాల ఒక్కటి గూడ తప్పలే బిడ్డా," అన్నారు. గ్లాసు మెట్టు మీద పెట్టారు. "పైకి పోయి ఎవలికి చెప్పాలె?"