వదిన వాదించిన కేసు

ఆ ఏడు వరద తీశాక మెట్ల మీద మిగిలిపోయిన ఒండ్రులో జారి నా చీలమండ విరిగింది. కాకినాడలో కట్టు వేసి, ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. నేను యానాంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో యూడీసీని, అంటే పెద్ద గుమస్తాని. ప్రసవాలప్పుడు తప్ప అన్ని రోజులు వరసగా ఇంట్లో కూర్చున్నది లేదు. పిల్లలు హాస్టళ్ళలో ఉన్నారు. ఫరంపేటలోని ఇంట్లో మా ఆయన, ఆయన అక్క, నేను, అంతే.

వదినగారు పెళ్ళి చేసుకోలేదు. ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతారు. ఆమెకు చిన్నప్పటి నుంచీ నత్తి. మాట మొదట్లోనే అడ్డం పడుతుంది, మెడ నరాలు బిగుసుకుంటాయి. ఈలోగా ఎదుటివాళ్ళు ఆ మాటను తామే పూర్తి చేసేస్తారు. సాయం చేస్తున్నామనుకునే చేస్తారు. నేనూ పదిహేనేళ్ళుగా అదే చేస్తున్నాను. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు కొలత జాకెట్టు ఇచ్చి, మెడ ఎంత లోతు ఉండాలో వేలితో చూపించి వెళ్ళిపోతారు గనుక ఆ పనిలో ఆమెకు మాటల అవసరం పెద్దగా రాదు.

మధ్యాహ్నం పూట మిషను ఆపి ఆమె ఫోను పట్టుకోవడం నేను ఎరుగుదును. సీరియళ్ళు చూస్తున్నారనుకునేదాన్ని. కట్టు వేసుకుని మంచం మీద పడి ఉన్న రెండో వారంలో ఒకరోజు ఆమె వచ్చి నా ఫోను తీసుకుని అందులో ఏదో ఎక్కించి తిరిగిచ్చారు. వాళ్ళ ఊళ్ళో ఓటర్లు తగ్గిపోయారట, నన్ను చేరమన్నారు.

అది ఆన్‌లైన్ ఆట. నా పిల్లలు ఆడే కాల్పుల ఆటల్లాంటిది కాదు. అందులో గెలవడం, ఓడడం ఉండదు. ఒక ఏరు, దాని ఒడ్డున ఊరు, ఊరికో పంచాయతీ, సంత, కోర్టు, వారానికోసారి వచ్చే పత్రిక. చేరిన ప్రతివాళ్ళూ ఒక వృత్తి ఎంచుకోవాలి. ఆ తర్వాత ఆ మనిషిగానే మాట్లాడాలి. మాటలన్నీ టైపు చెయ్యడమే. మేం చేరిన ఊళ్ళో అందరూ తెలుగువాళ్ళు. ఎక్కడెక్కడి వాళ్ళో ఎవరికీ తెలియదు. పేర్లుండవు, వృత్తితోనే పిలుచుకుంటారు. బయటి బతుకు సంగతులు లోపల ఎత్తకూడదన్నది అక్కడి మొదటి నిబంధన.

నేను టీకొట్టు పెట్టాను. ఏ వృత్తి తీసుకుంటారని అడిగినప్పుడు, ఫైలు ముట్టుకోని పని ఏదైనా ఫర్వాలేదనుకున్నాను.

మొదటి రోజుల్లో నాకు అందులో ఆకర్షణ ఏమిటో అర్థం కాలేదు. వీధులు ఊడ్చే మనిషి ఒకాయన ఉండేవాడు. రోజూ ఉదయం ఏడింటికి వచ్చి, సంత వీధి ఊడుస్తున్నానని రాసేవాడు. కాసేపాగి, అయిపోయిందని రాసేవాడు. దారిన పోయేవాళ్ళు "వీధి బాగుందండీ" అని రాసేవారు. ఆయన ఏ బ్యాంకు మేనేజరో, ఏ మిల్లు కార్మికుడో నాకు తెలియదు. పని మొదలుపెట్టిన చోటే పూర్తి కావడం, అది నలుగురూ చూడడం, ఈ రెంటి కోసమే ఆయన వస్తున్నాడని నెమ్మదిగా తోచింది. నా కొట్టుకీ మనుషులు అలవాటు పడ్డారు. పంచదార తక్కువ ఎవరికో, అల్లం ఎక్కువ ఎవరికో గుర్తుపెట్టుకోవడం నాకు బాగుండేది. ఆఫీసులో నా దగ్గరకు వచ్చేవాళ్ళంతా కాగితంతో వస్తారు. ఆ కాగితం పని అయ్యాక నన్ను చూడరు.

ఇంట్లో చిన్న చిక్కు వచ్చింది. వదినగారూ నేనూ దాన్ని "ఊరు" అనే అనేవాళ్ళం. ఒకరోజు అన్నం తింటూ, ఊళ్ళో బేకరీ వేరేవాళ్ళకి ఇచ్చేశారని నేనన్నాను. "అదేంటే, ఇందాకేగా నేను బన్నులు తెచ్చింది?" అన్నారు మా ఆయన. మేమిద్దరం నవ్వాం. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి మజ్జిగ పోసుకున్నారు.

ఆ బేకరీ గొడవే కోర్టుకు ఎక్కింది. వరసగా ఏడు రోజులు కొట్టు తెరవకపోతే ఆ చోటు పోతుందని పంచాయతీ నిబంధన. సంత వీధిలో చోట్లు తక్కువ, కొత్తవాళ్ళు ఎదురుచూస్తుంటారు కాబట్టి అలా పెట్టారు. రొట్టెలవాడు తొమ్మిది రోజులు కనిపించలేదు. అతని చోటు బుట్టలల్లే అమ్మాయికి ఇచ్చారు. ఆమె రెండు నెలల నుంచి ఎదురుచూస్తోంది. పదో రోజు రొట్టెలవాడు తిరిగొచ్చి తన చోటు తనకు ఇవ్వమన్నాడు.

అతని తరఫున వాదించేది మా వదినగారని నాకు విచారణ నాడే తెలిసింది. ఆ ఊళ్ళో ఆమె వకీలట, అప్పటిదాకా నాకు చెప్పలేదు.

ఏడుగురు జూరర్లను చీటీ తీసి ఎంచుతారు. టీకొట్టు చీటీ వచ్చింది. ఆ కోర్టులో ఒక పద్ధతి ఉంది. మాట్లాడే మనిషి "అంతే" అని రాసేదాకా మరొకరు ఒక్క అక్షరం కూడా రాయకూడదు. వదినగారు ముందుగదిలో మిషను ముందు కూర్చుని రాస్తున్నారు. నేను పక్కగదిలో మంచం మీద చదువుతున్నాను.

ఆమె అరగంట రాశారు. నిబంధనలో ఉన్నది "తెరవకపోతే" అనే గానీ "రాకపోతే" అని కాదన్నారు. రొట్టెలవాడు వెళ్ళేటప్పుడు తలుపు వెయ్యలేదు, కాబట్టి కొట్టు తెరిచే ఉందన్నారు. నాలుగో రోజు దాకా అరల్లో రొట్టెలు ఉన్నాయని, వాటిని తీసుకువెళ్ళిన వాళ్ళలో పంచాయతీ పెద్ద కూడా ఉన్నాడని పత్రిక చూపించి నిరూపించారు. ఆ వాదనలో తొందర లేదు. ఒక మాట తర్వాత ఇంకో మాట ఎక్కడ పడాలో అక్కడే పడింది. మధ్యలో ఒక చతురు కూడా వేశారు. నేను పదిహేనేళ్ళలో ఆమె నోట ఒక చతురు పూర్తిగా వినలేదు.

అతను ఎందుకు రాలేదో ఆమెకు తెలుసు. అతను ఆమెకు విడిగా చెప్పుకున్నాడు. అది చెబితే జూరీ కరిగిపోయేది. కానీ బయటి సంగతి లోపల ఎత్తకూడదు గనుక ఆమె ఎత్తలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

"అంతే" అని ఆమె రాశాక బుట్టల అమ్మాయి నాలుగు వాక్యాలు రాసింది. నిబంధన చదివే ఎదురుచూశానని, తనూ ఆ నిబంధననే నమ్ముకున్నానని. నేను ఆమెకు ఓటు వేశాను. ఉద్యోగం నేర్పిన బుద్ధి అనుకోవచ్చు. తలుపు తీసి పెట్టి వెళ్ళిపోయిన గుమస్తాను హాజరైనట్టు రాసుకోలేం కదా. నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయ్యారు. వదినగారు ఓడిపోయారు.

ఎవరు ఎటు వేశారో బయటికి చెప్పరు. మర్నాడు పొద్దున ఆమె కాఫీ తెచ్చి నా పక్కన పెట్టి, నేనెటు వేశానని అడిగారు. ఆ ప్రశ్న బయటికి రావడానికి కొంచెంసేపు పట్టింది. నేను దాన్ని పూర్తి చెయ్యలేదు. వచ్చేదాకా ఆగి, బుట్టల అమ్మాయికని చెప్పాను. ఆమె గ్లాసు అక్కడే వదిలి వెళ్ళిపోయారు.

రెండు రోజులు మిషను చప్పుడు తప్ప ఆమె గది నుంచి ఏమీ వినపడలేదు. అన్నం వేళకు పళ్ళెం తెచ్చి పెట్టేవారు, తీసుకెళ్ళేవారు. అబద్ధం చెప్పి ఉండాల్సిందా అని ఆలోచించాను. చెప్పి ఉంటే ఆమె నమ్మేవారు.

మూడో రోజు మధ్యాహ్నం వచ్చి మంచం కొసన కూర్చున్నారు.

"నేనేం చెప్పినా జనం ఊఁ అనేస్తారు," అన్నారు. ఆ ఒక్క వాక్యానికి చాలాసేపు పట్టింది. "తొందరగా అయిపోవాలని. తమ్ముడూ అంతే. నువ్వూ అంతేగా."

అవునన్నాను.

"మొత్తం విని, కాదన్నది నువ్వే," అన్నారు. "కోపం వచ్చింది. తర్వాత... బాగుంది."

తలుపు వాదన బలహీనమని చెప్పాను. తెలుసు, వేరే దారి లేదు అన్నారామె. అప్పుడే రొట్టెలవాడి సంగతి చెప్పారు. అదేమిటో ఇక్కడ రాయను. అది ముందే తెలిసి ఉంటే నేను అతనికే వేసేదాన్నని ఆమెతో అన్నాను. అందుకే చెప్పలేదన్నారు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని పంచాయతీకి ఒక అర్జీ రాశాం. రాలేని పరిస్థితి ఉన్నవాళ్ళు ముందుగా గానీ, వచ్చిన మూడు రోజుల్లో గానీ ఒక్క మాట రాసిస్తే చాలని, కారణం అడగకూడదని సవరణ. వాదన ఆమెది, నిబంధన భాష నాది. నాలుగు ఆదివారాల తర్వాత అది నెగ్గింది. రొట్టెలవాడికి పాత చోటు రాలేదు.

కట్టు విప్పాక నేను ఆఫీసుకు వెళ్ళిపోయాను. కొట్టు ఇప్పుడు సెలవు రోజుల్లో మాత్రమే తెరుస్తున్నాను. వదినగారిని ఒకసారి అడిగాను, ఆదివారం మేం వెళ్ళే చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడొచ్చు కదా అని. అక్కర్లేదన్నట్టు తల ఊపి, చేతిలోని జాకెట్టుకు హుక్సులు కుట్టుకుంటూ ఉండిపోయారు. నేను మళ్ళీ అడగలేదు.

కిందటి శనివారం ఆ ఊళ్ళో రొట్టెలవాడు ఏటి రేవు దగ్గర కొత్త కొట్టు తెరిచాడు. మొదటి రోజు కాబట్టి బన్నులే ఉన్నాయని బోర్డు రాసి పెట్టాడు. వీధులూడ్చే ఆయన అప్పటికే రేవు దాకా ఊడ్చి, వరసలో నిలబడ్డాడు. నేను ఆయన వెనక నిలబడి, టీకొట్టు తెరిచే ప్రతి రోజూ రెండు డజన్లు కావాలని రాశాను.